జర్నల్ ఎడిటోరియల్ బోర్డులో పనిచేయడం ఎలా? నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

ప్రజల బతుకుల మీద పరిశోధన వ్యాసాలు వేసే జర్నల్ ఒకటి మిమ్మల్ని ఎడిటోరియల్ బోర్డులో చేరమని అడిగిందనుకుందాం. మీరు డిగ్రీ కాలేజీ లెక్చరర్ కావచ్చు. కోవూరు వైపు వరి పండించే రైతు కావచ్చు, ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే కళాకారిణి కావచ్చు, కనిగిరి పల్లెల్లో నీళ్ళ సమస్య మీద ఏళ్ళ తరబడి తిరుగుతున్న కార్యకర్త కావచ్చు. ఇలాంటి జర్నల్స్ ఇప్పుడు ప్రొఫెసర్లతో పాటు ఊళ్ళో పనిచేసేవాళ్ళని కూడా బోర్డులోకి పిలుస్తున్నాయి. బీఎంజే అనే వైద్య పత్రిక 2014లో రోగుల చేత కూడా వ్యాసాలను రివ్యూ చేయించడం, అంటే అచ్చుకి ముందే చదివించి తప్పొప్పులు చెప్పించడం మొదలుపెట్టింది. 2015లో మొదలైన 'రీసెర్చ్ ఇన్వాల్వ్‌మెంట్ అండ్ ఎంగేజ్‌మెంట్' జర్నల్‌కి మొదటి నుంచీ ఇద్దరు ప్రధాన సంపాదకులు. ఒకరు పరిశోధకురాలు, ఇంకొకరు రోగుల తరఫు మనిషి.

మన ప్రాంతానికి ఈ పద్ధతి ఎంత అవసరమో తెలియాలంటే ఫ్లోరోసిస్ కథ చాలు. నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బు అది. ఈ జబ్బు గురించి మన దేశంలో వచ్చిన తొలి వైద్య వ్యాసాలు 1937 నాటివి. అవి అప్పటి నెల్లూరు జిల్లా గురించే. పొదిలి, దర్శి, కనిగిరి వైపు పల్లెలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. డాక్టర్లు రాయకముందే ఎద్దులు కీళ్ళు పట్టేసి నడవలేకపోవడం రైతులు గమనించారు. అంటే మొదట చూసింది రైతు, పేరు పెట్టింది డాక్టరు. వ్యాసం మాత్రం రైతుకి అందని చోట, రైతుకి రాని భాషలో అచ్చయింది.

అందుకే నా లెక్కలో బోర్డు సభ్యుడి అసలు పని ఒక్కటే. వ్యాసం ఎవరి గురించి రాశారో వాళ్ళు దాన్ని చదవగలగాలి, తప్పుంటే తప్పని చెప్పగలగాలి, దానివల్ల వాళ్ళకి నష్టం జరగకూడదు. కింద చెప్పిన మెట్లన్నీ దీనికోసమే.

1. పిలుపు అసలైనదేనా చూసుకోండి

లెక్చరర్లకి ఇలాంటి మెయిల్స్ వారానికి ఒకటైనా వస్తాయి. "గౌరవనీయ ప్రొఫెసర్ గారికి" అని మొదలవుతాయి, మీ సబ్జెక్టు ఏదో కూడా వాళ్ళకి తెలియదు. బోర్డులో మీ పేరు పెట్టుకుని, ఆ పేరు చూపించి వ్యాసకర్తల దగ్గర డబ్బు వసూలు చేసే దొంగ జర్నల్స్ చాలానే ఉన్నాయి. 2018 మేలో యూనివర్సిటీల బాగోగులు చూసే కేంద్ర సంస్థ యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నల్స్‌ని ఒకేసారి తీసేసింది. ఆ తర్వాత తెచ్చిన కేర్ అనే కొత్త జాబితాని కూడా 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. అంటే జాబితా చూసి నమ్మే రోజులు పోయాయి, ఇప్పుడు ఎవరికి వాళ్ళే పరీక్షించుకోవాలి.

ముందు ఐఎస్‌ఎస్‌ఎన్ నంబర్ అడగండి, అది పత్రికకి ఇచ్చే గుర్తింపు నంబర్. ఎనిమిది అంకెలుంటాయి, అచ్చు ప్రతికి ఒకటి, ఆన్‌లైన్ ప్రతికి ఇంకొకటి. మన దేశంలో దీన్ని ఢిల్లీలోని సీఎస్‌ఐఆర్ సంస్థ నిస్పర్ ఇస్తుంది. అంతర్జాతీయ ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్లో ఆ నంబర్ కొట్టి చూస్తే అదే పేరు రావాలి. అయితే ఐఎస్‌ఎస్‌ఎన్ ఉందంటే జర్నల్ మంచిదని కాదు, ఫలానా పేరుతో ఒక పత్రిక ఉందని మాత్రమే. తర్వాత పాత సంచికలు తెరిచి రెండు వ్యాసాలు పూర్తిగా చదవండి. బోర్డులో ఉన్నారని చెప్పినవాళ్ళలో ఒకరిద్దరికి ఫోన్ చేయండి. "అవునా, నా పేరు అందులో ఉందా?" అన్నారంటే ఆ జర్నల్ జోలికి పోవద్దు. వ్యాసకర్తల దగ్గర ఫీజు తీసుకుంటారా, ఎంత, ఏ దశలో అన్నదీ అడగండి. నిర్ణయం కాకముందే డబ్బు అడిగే చోట రివ్యూ సరిగ్గా జరుగుతుందని నమ్మలేం.

2. ఏ పని, ఎంత పని, ఎన్నాళ్ళు

బోర్డులో అందరి పనీ ఒకటి కాదు. ప్రధాన సంపాదకుడు తుది నిర్ణయం తీసుకుంటాడు. సెక్షన్ ఎడిటర్ తన విభాగానికి వచ్చిన వ్యాసాలను రివ్యూకి పంపి, నివేదికలు తెప్పించి, సిఫార్సు చేస్తాడు. మేనేజింగ్ ఎడిటర్ గడువులు, ఉత్తరాలు, ప్రూఫులు చూస్తాడు. సలహా మండలి విధానాల గురించి మాట్లాడుతుంది, విడి వ్యాసాలను తాకదు. రివ్యూయర్ బోర్డులో లేకపోయినా ఫర్వాలేదు. మిమ్మల్ని ఏ పనికి పిలిచారో రాతలో తీసుకోండి. కాలపరిమితి రెండేళ్ళో మూడేళ్ళో ఉంటుంది, అదీ రాయించుకోండి. ఏడాదికి ఎన్ని వ్యాసాలు మీ చేతికి వస్తాయో అడగండి. ఒక వ్యాసాన్ని శ్రద్ధగా చదివి నివేదిక రాయడానికి ఒక పూర్తి రోజు పడుతుందని లెక్కేసుకోండి.

డబ్బు సంగతి మొహమాటపడకుండా మాట్లాడాలి. యూనివర్సిటీ వాళ్ళకి ఇది ఉద్యోగంలో భాగం, జీతం నడుస్తూనే ఉంటుంది. మగ్గం దిగి మీటింగ్‌కి వచ్చిన నేతన్నకి ఆ రోజు కూలి పోతుంది. ఆశా వర్కర్ అయినా, రొయ్యల రైతు అయినా అంతే. ఊరి తరఫు సభ్యులకి దారి ఖర్చులు, రోజు కూలికి తగ్గని గౌరవ వేతనం ఇవ్వాలని మొదటి మీటింగ్‌లోనే తీర్మానం రాయించండి. మీటింగ్ టైమ్ కూడా అంతే. రొయ్యల పట్టుబడి రోజుల్లో, నాట్ల రోజుల్లో పగటి పూట జూమ్ మీటింగ్ పెట్టి "వాళ్ళు రావడం లేదండీ" అనడం న్యాయం కాదు.

3. సంబంధాలు ముందే రాసిచ్చేయండి

రివ్యూలో వ్యాసకర్త పేరు రివ్యూయర్‌కి, రివ్యూయర్ పేరు వ్యాసకర్తకి తెలియకుండా దాచే పద్ధతి చాలా చోట్ల నడుస్తుంది. మన రెండు జిల్లాల్లో అది నిలవదు. "చీమకుర్తి గ్రానైట్ క్వారీ కార్మికుల ఊపిరితిత్తుల ఆరోగ్యం" అని శీర్షిక చూడగానే ఆ పని ఎవరు చేస్తున్నారో సగం మందికి తెలిసిపోతుంది. కాబట్టి దాచడం మీద నమ్మకం పెట్టుకోకుండా సంబంధాలను బయటపెట్టడం మీద పెట్టుకోవాలి.

చేరిన వారంలోనే ఒక కాగితం రాసివ్వండి. మీ కాలేజీ, మీ గైడు, మీ దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్ళు, మూడు నాలుగేళ్ళలో మీతో కలిసి రాసినవాళ్ళు, మీకు వాటా ఉన్న వ్యాపారం, మీరు సభ్యులుగా ఉన్న సంఘాలు, పార్టీ బాధ్యతలు. కుల సంఘంలో పదవి ఉంటే అదీ రాయండి. రాయడానికి ఇబ్బందిగా ఉంటుంది, కానీ తర్వాత ఎవరో వేలెత్తి చూపినప్పుడు ఆ కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది.

ఇక సిఫార్సు ఫోన్లు. ఇవి రాక తప్పదు.

"అన్నా, ఆ పేపర్ మా పాపది. ప్రమోషన్‌కి కావాలి. కాస్త చూడన్నా."

"తమ్ముడూ, మీ పాపదని నువ్వు చెప్పావు కాబట్టి ఇంక దాన్ని నేను చూడకూడదు. ఈ రోజే ఎడిటర్ గారికి చెప్పేస్తా, వేరేవాళ్ళు చూస్తారు. పాపకి మాత్రం రివ్యూ రాగానే ఓపిగ్గా జవాబులు రాయమను."

ఇంతే చెప్పాలి. చుట్టరికం చెడదు, పనీ చెడదు. ఫోన్ పెట్టగానే ప్రధాన సంపాదకుడికి రెండు లైన్ల మెయిల్ పెట్టండి. మాటతో సరిపెట్టొద్దు.

4. వ్యాసం రాగానే మొదటి చూపు

రివ్యూకి పంపే ముందు కొన్ని చూడాలి. వ్యాసం జర్నల్ పరిధిలోకి వస్తుందా? మనుషుల మీద చేసిన పరిశోధన అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉత్తరం ఉందా? వేరేచోట నుంచి కాపీ కొట్టారేమో పట్టే పోలికల సాఫ్ట్‌వేర్ రిపోర్టు ఏం చెబుతోంది? యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు. కానీ శాతం చూసి ఊరుకోవద్దు, ఎక్కడ కలిసిందో తెరిచి చూడండి. రిఫరెన్సుల జాబితా కలిస్తే తప్పు కాదు, ఫలితాల పేరా కలిస్తే పెద్ద తప్పు. ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగులోకి దించి సొంతంగా పంపితే సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు, అక్కడ చదివినవాళ్ళ జ్ఞాపకమే దిక్కు.

వ్యాసకర్తల పేర్లూ ఇక్కడే చూడాలి. డిపార్ట్‌మెంట్ హెడ్ కాబట్టి పేరు పెట్టడం, ఊళ్ళో డేటా తెచ్చిన అంగన్‌వాడీ టీచర్ పేరు ఎక్కడా లేకపోవడం రెండూ జరుగుతుంటాయి. వైద్య పత్రికల సంపాదకులు పాటించే ఐసీఎంజేఈ నియమం ప్రకారం రచయిత అనిపించుకోవాలంటే పరిశోధనలో గట్టి పాత్ర ఉండాలి, రాతలో లేదా దిద్దడంలో పాలుండాలి, తుది ప్రతిని ఒప్పుకోవాలి, దానికి జవాబుదారీగా ఉండాలి. ఊరి మనిషికి మొదటి అర్హత ఉంటే మిగతా మూడింటికి అవకాశం ఇవ్వాల్సిన బాధ్యత పరిశోధకుడిది. ఇంగ్లీషు రాదన్న కారణంతో పేరు కొట్టేయకూడదు. ఏఐ టూల్‌ని రచయితగా పెట్టకూడదని కోప్ అనే ప్రచురణ నీతి సంస్థ 2023లోనే తేల్చింది. మీరూ రివ్యూ కోసం వచ్చిన వ్యాసాన్ని ఏ చాట్‌బాట్‌లోనూ పేస్ట్ చేయొద్దు. అది ఇంకా అచ్చు కాని, మీ మీద నమ్మకంతో ఇచ్చిన కాగితం.

5. రివ్యూయర్లను వెతకడం

ఇద్దరుండాలి. ఒకరు ఆ విషయం చదివినవాళ్ళు, ఇంకొకరు ఆ పని చేసేవాళ్ళు. ఊరి రివ్యూయర్‌కి ముప్పై పేజీల ఇంగ్లీషు పీడీఎఫ్ పంపి నాలుగు వారాలు గడువిస్తే ఏమీ రాదు. ముఖ్యమైన భాగాలు తెలుగులో రెండు మూడు పేజీలు చేసి ఇవ్వండి, పట్టికలు అలాగే ఉంచండి, ఫోన్లో కూర్చుని మాట్లాడండి, వాళ్ళు చెప్పింది మీరు రాసి తిరిగి చదివి వినిపించండి. వాళ్ళు సరేనన్నాకే నివేదికలో పెట్టండి.

6. మన కొలతలు, మన లెక్కలు

స్థానిక సభ్యుడి విలువ తెలిసేది ఇక్కడే. దూరపు రివ్యూయర్‌కి కనపడని తప్పులు మీకు మొదటి చదువులోనే కనపడతాయి.

నెల్లూరులో ధాన్యం ధర పుట్టి లెక్కన చెబుతారు, పుట్టి అంటే 850 కిలోలు. రైతు "పుట్టికి ఇంత వచ్చింది" అన్నది పరిశోధకుడు టన్నుగా రాసుకుంటే ఆదాయం లెక్క మొత్తం పక్కకి పోతుంది. ఇళ్ళ స్థలాలకి అంకణం లెక్క. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36. నెల్లూరు పట్టణ పేదల ఇళ్ళ మీద వ్యాసం రాసిన వాళ్ళు తిరుపతి లెక్క వేస్తే ఇళ్ళన్నీ సగానికి కుంచించుకుపోతాయి. కాబట్టి వ్యాసంలో స్థానిక కొలత ఉన్న ప్రతిచోటా పక్కనే కిలోల్లోనో చదరపు అడుగుల్లోనో రాయించండి.

జిల్లా సరిహద్దులు ఇంకో చిక్కు. 2011 జనాభా లెక్కల్లో ఉన్న నెల్లూరు జిల్లా వేరు. 2022 ఏప్రిల్లో గూడూరు, సూళ్ళూరుపేట వైపు తిరుపతి జిల్లాకి వెళ్ళాయి, కందుకూరు నెల్లూరులోకి వచ్చింది. అప్పుడే ప్రకాశం నుంచి చీరాల, అద్దంకి బాపట్లకి వెళ్ళాయి. ఆ తర్వాత కూడా సరిహద్దులు మారాయి. "2011తో పోలిస్తే జిల్లాలో ఎస్టీ జనాభా తగ్గింది" అని వ్యాసంలో కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. తగ్గింది మనుషులా, మండలాలా? మండలాల వారీగా లెక్క అడగండి. డేటా సేకరించిన నాటికి ఏ మండలం ఏ జిల్లాలో ఉందో వ్యాసంలోనే రాయమనండి.

ఒక వ్యాసం సంగతి కాస్త వివరంగా చెబుతాను. రొయ్యల రైతుల ఆదాయం మీద వచ్చింది. పట్టికలు శుభ్రంగా ఉన్నాయి, గణాంకాలు సరిగ్గా ఉన్నాయి, యూనివర్సిటీ రివ్యూయర్ చిన్న మార్పులు చెప్పి ఒప్పుకున్నారు. మా బోర్డులో ఉన్న రొయ్యల రైతు రెండో పట్టిక దగ్గర ఆగిపోయారు.

"సార్, ఇందులో కౌంటేది? కిలో రేటు సగటు అని ఒక్క అంకె వేశారు. 30 కౌంటు రేటూ 100 కౌంటు రేటూ ఒకటా?"

కౌంటంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య. కౌంటు తగ్గే కొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. వైట్ స్పాట్ తెగులు వచ్చిందంటే రైతు చిన్న రొయ్యనే హడావిడిగా పట్టేసి అమ్ముకుంటాడు. అంటే నష్టమంతా కౌంటులోనే దాక్కుని ఉంటుంది. అన్నీ కలిపి సగటు తీస్తే నష్టపోయినవాడు లెక్కలో మాయమైపోతాడు. ఆయన ఇంకోటి కూడా అడిగారు. "వీళ్ళల్లో చెరువు సొంతమైనవాళ్ళెంతమంది, లీజువాళ్ళెంతమంది? లీజు కట్టేవాడికి ఏరేటర్ కరెంటు బిల్లు, మేత, సీడు పోను మిగిలేదేంటో ఇందులో ఎక్కడుంది?" ఆ రెండు ప్రశ్నలూ వ్యాసకర్తలకి పంపాం. వాళ్ళ దగ్గర డేటా ఉంది, ఎవరూ అడగలేదు కాబట్టి విడదీయలేదు. కౌంటు వారీగా, లీజు వారీగా విడదీసి మళ్ళీ పంపినప్పుడు వ్యాసం చివరి నిర్ణయమే మారింది. అంతకుముందు "సాగు లాభదాయకం" అని ఉన్నచోట, ఎవరికి లాభం, ఎవరికి కాదు అన్నది వచ్చింది.

ఊరి సభ్యుడి రివ్యూని "అభిప్రాయం" అని పక్కన పెట్టే అలవాటు కొన్ని బోర్డుల్లో ఉంది. పైన అడిగినవి అభిప్రాయాలు కావు, పరిశోధన పద్ధతి మీద ప్రశ్నలు. వాటికి వ్యాసకర్త పాయింటు వారీగా జవాబు రాయాలి. మొదటి రివ్యూయర్ ప్రశ్నలకి ఎలా రాస్తారో అలాగే.

7. మనుషులకి హాని జరగకుండా

పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగదు. ఒక యానాది కాలనీలో ముప్పై ఇళ్ళుంటాయి. "ఆ కాలనీలోని 45 ఏళ్ళ వితంతువు, రొయ్యల ప్లాంటులో పని" అని రాస్తే పేరు రాసినట్టే. ఊరు, వయసు, వృత్తి, కుటుంబ పరిస్థితి, ఈ నాలుగింటిలో ఏ రెండు కలిస్తే మనిషి తెలిసిపోతుందో చూసి ఒకటి తీయించండి. ఊరి పేరు బదులు మండలం రాయొచ్చు, వయసు బదులు "నలభైల్లో ఉన్న" అనొచ్చు. ఫొటోలు మరీ జాగ్రత్త. అప్పు గురించో, సారా గురించో, ఇంట్లో కొట్టడం గురించో చెప్పిన మనిషి ముఖం మసక చేసినా, వెనకాల గుడిసె తలుపు చూసి కాలనీ అంతా గుర్తుపడుతుంది.

అంగీకార పత్రం అడిగి చూడండి. దేశంలో వైద్య పరిశోధనని చూసే ఐసీఎంఆర్ సంస్థ 2017 మార్గదర్శకాల ప్రకారం చదువు రానివాళ్ళు వేలిముద్ర వేస్తే పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఒకరుండాలి. ఇంగ్లీషు ఫారం మీద వేలిముద్రలు కనిపిస్తే, ఆ ఫారంలో ఉన్నది వాళ్ళకి ఏ భాషలో, ఎవరు చదివి వినిపించారో వ్యాసకర్తని అడగండి. పొలం యజమాని ముందు కూర్చోబెట్టి కూలీల దగ్గర తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు.

నల్లమల చెంచులు, నెల్లూరు యానాదులు వాడే మందు మొక్కల మీద వ్యాసాలు తరచుగా వస్తాయి. ఇక్కడ ఇంకో రకం నష్టం ఉంది. మొక్క పేరు, దొరికే చోటు, జీపీఎస్ అంకెలతో సహా అచ్చు వేస్తే మరుసటి నెల అక్కడ ఆ మొక్క ఉండదు. వెలిగొండల్లో ఎర్రచందనానికి ఏం జరిగిందో మనకి తెలిసిందే. చోటుని మండలం స్థాయికి మించి చెప్పనివ్వొద్దు. ఆ మందు వాడకం చెప్పిన వైద్యుడి అనుమతి ఉందా, బయటివాళ్ళకి చెప్పకూడదని వాళ్ళు అనుకునేది ఏదైనా వ్యాసంలోకి వచ్చిందా, విదేశీ సంస్థ పాలుంటే 2002 జీవవైవిధ్య చట్టం కింద అనుమతి తీసుకున్నారా అని అడగండి. తెగల పేర్ల విషయంలోనూ పాత గెజిటీర్లలో ఉన్న చులకన మాటలు యథాతథంగా దించేస్తుంటారు. వాళ్ళు తమని తాము ఏమని చెప్పుకుంటారో ఆ మాటే వాడించండి.

8. ఫలితం ముందు ఊరికి చేరాలి

దీని మీద నేను రాజీ పడను. కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్ళు పరీక్ష చేసి ఫ్లోరైడ్ ఎంతుందో రాసిన వ్యాసం వచ్చిందనుకోండి. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. ఏ బోరులోనైనా అంతకంటే ఎక్కువుంటే ఆ సంగతి ఆ బోరు నీళ్ళు తాగేవాళ్ళకి పరిశోధకుడు చెప్పాడా? వ్యాసం చేతికి వచ్చేసరికి శాంపిల్ తీసి ఏడాది దాటి ఉంటుంది. ఆ ఏడాదీ పిల్లలు అవే నీళ్ళు తాగారు. సమర్పణ ఫారంలోనే ఒక ప్రశ్న పెట్టించండి: "ఫలితాలు ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పారు?" జవాబు ఖాళీగా ఉంటే రివ్యూ ఆపి ముందు అది చేయమనండి. పంచాయతీ ఆఫీసులో ఒక కాగితం అతికించినా సరే, గ్రామసభలో చదివినా సరే. "ముందే చెబితే జర్నల్ వేసుకోదేమో" అని వ్యాసకర్తలు భయపడతారు. ఊరివాళ్ళకి చెప్పడం ముందస్తు ప్రచురణ కిందకి రాదని మీ జర్నల్ నియమాల్లో రాసి పెట్టండి.

9. నిర్ణయం ఉత్తరం

"పద్ధతి బలహీనం. తిరస్కరించడమైనది." ఇలాంటి ఉత్తరం రాసే బదులు రాయకపోవడం మేలు. ఒంగోలులోనో కావలిలోనో పనిచేసే యువ లెక్చరర్‌కి ఇది మొదటి పేపర్ కావచ్చు. చేతిలో లైబ్రరీ లేదు, దారి చూపే గైడూ లేడు. ఉత్తరం ఇలా ఉండొచ్చు:

"మీ వ్యాసాన్ని ఇద్దరు చదివారు. స్వయం సహాయక సంఘాల మహిళలతో మీరు చేసిన సంభాషణలు బలంగా ఉన్నాయి, ఇలాంటివి అరుదుగా వస్తున్నాయి. అయితే సభ్యులను ఎలా ఎంచుకున్నారో వ్యాసంలో లేదు. సంఘం లీడర్లు సూచించిన వాళ్ళతోనే మాట్లాడి ఉంటే అప్పు కట్టలేక మానేసినవాళ్ళు ఇందులో లేకపోయే అవకాశం ఉంది. అలాంటివారితో మాట్లాడగలిగితే వ్యాసం చాలా మారుతుంది. వీలుకాకపోతే ఆ పరిమితిని స్పష్టంగా రాసి, చివరి పేరాలో 'జిల్లా మహిళలు' అన్నచోట 'మేము మాట్లాడిన సభ్యులు' అని దిద్దండి. మూడు నెలల్లో తిరిగి పంపండి. సందేహం ఉంటే నాకు ఫోన్ చేయండి."

మంచి ముందు, లోపం తర్వాత, ఏం చేయాలో చివర. రివ్యూయర్ కటువుగా రాస్తే ఆ వాక్యాన్ని యథాతథంగా పంపాల్సిన పని లేదు, విషయం మారకుండా మాట మార్చమని ఆయన్నే అడగండి. తిరస్కరించేటప్పుడు కూడా ఏ పత్రికకి సరిపోతుందో ఒక లైను రాయండి.

10. తెలుగు సారాంశం, తెలుగు ఫాంటు

ప్రతి వ్యాసానికీ ఒక పేజీ తెలుగు సారాంశం ఉండాలన్న నియమం పెట్టించండి. దాన్ని ఇంగ్లీషు అబ్‌స్ట్రాక్ట్‌కి అనువాదంగా రాస్తే ఎవరూ చదవరు. ఏం తెలుసుకోవాలనుకున్నాం, ఎవరితో మాట్లాడాం, ఏం తెలిసింది, ఏం తెలియలేదు, మీరు ఏం చేయొచ్చు. ఈ ఐదూ మామూలు మాటల్లో చాలు. రాశాక పదో తరగతి దాకా చదువుకున్న ఒకరికి పైకి చదివి వినిపించండి, "అంటే?" అని వాళ్ళు ఆపిన ప్రతిచోటా తిరగరాయండి. అదే సారాంశం ఎవరైనా చదివి వాట్సాప్ ఆడియోగా పంపితే చదువు రానివాళ్ళకీ చేరుతుంది.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని సంగతి. మన ఊళ్ళల్లో డీటీపీ సెంటర్లు ఇప్పటికీ ఎక్కువగా 'అను' అనే పాత రకం ఫాంట్లలో టైపు చేసి పేజ్‌మేకర్‌లో పేజీలు కడతాయి. కాగితం మీద చక్కగా ఉంటుంది. కానీ ఆ పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ గజిబిజిగా వస్తాయి. అంటే గూగుల్‌కి అది తెలుగని తెలియదు. "ఫ్లోరోసిస్ కనిగిరి" అని ఎవరు వెతికినా మీ వ్యాసం దొరకదు. కంటి చూపు లేనివాళ్ళకి చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ కూడా దాన్ని చదవలేదు. వ్యాసం మొత్తం యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటరైనా తెలుగని గుర్తుపట్టే అక్షర పద్ధతిలోనే తీసుకోండి. మండలి, నోటో సెరిఫ్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్లు అచ్చుకీ బాగుంటాయి. యూనికోడ్ పీడీఎఫ్‌లో కూడా వత్తులు ఒక్కోసారి కాపీలో విరిగిపోతాయి కాబట్టి పీడీఎఫ్‌తో పాటు వెబ్ పేజీగా కూడా పెట్టించండి. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ చేసుకోవచ్చు. వ్యాసాల సమర్పణ, రివ్యూ, గడువులు గుర్తుచేయడం కూడా అందులోనే నడుస్తాయి. వ్యాసాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో అందరికీ ఉచితంగా ఇవ్వండి. ఏ ఊరి గురించి రాశారో ఆ ఊరివాళ్ళు డబ్బు కట్టి చదవాల్సి రావడం ఎంత మాత్రం సరికాదు.

11. అచ్చయ్యాక తప్పు బయటపడితే

దాచకండి. చిన్న తప్పుకి సవరణ, ఫలితమే నిలవకపోతే ఉపసంహరణ. ఏ దశలో ఏం చేయాలో కోప్ తయారుచేసిన ఫ్లోచార్టులు ఆన్‌లైన్లో ఉచితంగా దొరుకుతాయి. సవరణ తెలుగు సారాంశంలోనూ కనిపించాలి. ఊరి నుంచి ఫిర్యాదు వస్తే ఇంగ్లీషులో, లెటర్‌హెడ్ మీద రావాలని పట్టుబట్టొద్దు. ఫోన్లో చెప్పినా రాసుకుని, తేదీ వేసి, జవాబు ఇచ్చేదాకా ఫైల్ మూయకండి.

12. దిగిపోయేటప్పుడు

గడువు అయ్యాక దిగిపోండి. పదిహేనేళ్ళు ఒకే బోర్డు ఉన్న జర్నల్‌కి కొత్త ప్రశ్నలు రావు. దిగే ముందు ఊళ్ళ నుంచి ఒకరినైనా మీతో కూర్చోబెట్టుకుని రెండు మూడు వ్యాసాలు కలిసి చూడండి, ఆ తర్వాత వాళ్ళ పేరు సూచించండి. మీ దగ్గరున్న ఫైళ్ళు, రివ్యూయర్ల ఫోన్ నంబర్లు, సగంలో ఉన్న వ్యాసాల స్థితి ఒక షీటులో రాసి మేనేజింగ్ ఎడిటర్‌కి ఇచ్చేసి, మీ కంప్యూటర్‌లో ఉన్న అచ్చుకాని వ్యాసాలు తుడిచేయండి. వెబ్‌సైట్ డొమైన్, పాస్‌వర్డులు ఒక్కరి పేరు మీదే ఉంటే ఇద్దరి పేర్లకి మార్పించండి. డొమైన్ గడువు దాటి మాయమైపోయిన చిన్న జర్నల్స్ చాలా ఉన్నాయి. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ వాడేవాళ్ళకి, దాన్ని తయారుచేసిన పీకేపీ సంస్థదే వ్యాసాలను ఉచితంగా భద్రపరిచే నెట్‌వర్క్ ఉంది, అందులో చేర్పించండి. అచ్చు సంచికలు ఒక్కో సెట్టు నెల్లూరు, ఒంగోలు గ్రంథాలయాల్లో ఇచ్చి రసీదు తీసుకోండి. వ్యాసాలు ఏయే ఊళ్ళ గురించి వచ్చాయో ఆ పంచాయతీలకీ ఒక్కో ప్రతి పంపించండి.